ఉరుముకీ మాస్టారికీ మధ్య: అలంకారాలు గుర్తుపట్టడం ఎలా?

పరీక్షకు ముందు రోజు రాత్రి పదింటికి మా మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, 'వలె' ఉంటే ఉపమ, 'ఏమో' ఉంటే ఉత్ప్రేక్ష, రెండూ లేకపోతే రూపకం. అంతేగా?" అంది.

అంతే అనేసి ఉంటే ఇద్దరం హాయిగా పడుకునేవాళ్ళం. కానీ సరిగ్గా ఆ సూత్రాన్నే నమ్ముకుని పదో తరగతిలో నేను మార్కులు పోగొట్టుకున్నాను. నిర్వచనం పొల్లు పోకుండా రాశాను, అలంకారం పేరు మాత్రం తప్పు పెట్టాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ప్రూఫులు దిద్దాను. కథలు, కవితలు, వ్యాసాలు, పాఠ్యపుస్తకాలు, గైడ్లు అన్నీ నా ఎర్ర పెన్ను కిందికి వచ్చి వెళ్ళాయి. అప్పటికి గానీ నా తప్పు నాకు దొరకలేదు. నేను వాక్యంలో గుర్తుల కోసం వెతికాను. ఆ వాక్యం ఏం చేస్తోందో చూడలేదు.

పేర్లు బట్టీ పడదామంటే అదీ తెమిలే పని కాదు. భరతుడి నాట్యశాస్త్రంలో అలంకారాలు 4 మాత్రమే. అప్పయ్య దీక్షితుల కువలయానందం దగ్గరికి వచ్చేసరికి అవి 100 దాటాయి. అన్నిటినీ గుర్తుపెట్టుకునే తల నాకు లేదు. నేను వాడేది ఒక్క ప్రశ్న: ఈ వాక్యం ఎక్కడ అబద్ధమాడింది, ఎంత ధైర్యంగా ఆడింది? అర్థాలంకారాల్లో, అంటే మాట చప్పుడు మీద కాక అర్థం మీద నిలబడే అలంకారాల్లో, సగం చిక్కు దీంతోనే విడిపోతుంది.

ఒక్క ఉరుము, పది వేషాలు

గట్టి గొంతున్న మాస్టారు ఒకరున్నారనుకోండి. ఆ గొంతును ఉరుముతో పోల్చాలి.

"మాస్టారి గొంతు ఉరుములా గంభీరంగా ఉంది." ఇందులో అబద్ధం లేదు. గొంతు గొంతే, ఉరుము ఉరుమే. రెంటికీ పోలిక ఉందని మాత్రం చెప్పాం. ఇది ఉపమ.

"మాస్టారు మాట్లాడుతుంటే, ఉరుమే తరగతిలోకి దూరిందేమో అనిపించింది." ఇక్కడ అబద్ధం వైపు ఒక అడుగు వేశాం. అయినా 'ఏమో' అని వెనక్కి తగ్గే దారి ఉంచుకున్నాం. ఊహ అని ఒప్పుకుంటూ ఊహించాం. ఇది ఉత్ప్రేక్ష.

"మాస్టారి గొంతు ఒక ఉరుము." ఇప్పుడు దారి మూసేశాం. రెండూ ఒకటే అని తేల్చేశాం. పుస్తకాల్లో 'అభేదం' అనే మాట దీని గురించే. ఇది రూపకం.

"తలుపు తెరుచుకుంది. ఉరుము లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, హాజరు పట్టీ తెరిచింది." ఇక్కడ మాస్టారి మాటే లేదు. ఉరుము ఆయన్ని మింగేసింది. ఇది అతిశయోక్తిలో ఒక రకం, రూపకాతిశయోక్తి. మామూలు అతిశయోక్తి మీకు తెలిసిందే: "మాస్టారు అరిస్తే పక్క ఊళ్ళో వాళ్ళు గొడుగులు తెరిచారు."

ఈ నాలుగూ ఒక మెట్ల వరుస. పోలిక, ఊహ, ఒకటనడం, మింగేయడం. అనుమానం వచ్చినప్పుడల్లా మీ వాక్యం ఏ మెట్టు మీద నిలబడిందో చూసుకోండి.

పక్క మెట్లు కూడా ఉన్నాయి. "అది మాస్టారి గొంతా, ఉరుమా?" అని తేల్చుకోలేకపోతే సందేహాలంకారం. ఆయన గొంతు విని నిజంగానే ఉరుమనుకుని ఆయా ఆరేసిన బట్టలు తీసేసిందనుకోండి, అది భ్రాంతిమదలంకారం. ఇక్కడ పొరబడింది కవి కాదు, వాక్యంలోని మనిషి. కవికి నిజం తెలుసు, మనకూ తెలుసు, ఆయాకే తెలియదు. సందేహానికీ భ్రాంతికీ తేడా అడిగితే నేను చెప్పేది ఆ బట్టల గురించే: ఆలోచిస్తూ నిలబడితే సందేహం, బట్టలు తీసేస్తే భ్రాంతి.

"అది గొంతు కాదు, ఉరుమే" అని ఉన్నదాన్ని కాదనేస్తే అపహ్నుతి. ఎక్కడో ఉరుము వినపడగానే మాస్టారు గుర్తొస్తే స్మరణం. "ఉరుము ఒక్కసారి ఉరిమి ఊరుకుంటుంది, మాస్టారు పీరియడ్ అయ్యేదాకా ఊరుకోరు" అంటే పోల్చిన దానికన్నా అసలుదే ఒక మెట్టు పైన ఉంది కాబట్టి వ్యతిరేకాలంకారం. దీని పేరు చూసి చాలామంది ఇదేదో తిట్టు అనుకుంటారు. 'వ్యతిరేకం' అంటే ఇక్కడ భేదం, ఆధిక్యం.

ఇవన్నీ ఒక్క పోలిక నుంచే పుట్టాయి. అప్పయ్య దీక్షితులు చిత్రమీమాంసలో ఈ మాటే అన్నాడు: ఉపమ ఒక్కతే నటి, రకరకాల వేషాలు కట్టి కావ్యమనే రంగస్థలం మీద ఆడుతుంది అని. ఉపమ గురించి చెప్పబోయి ఆయన వాడిందీ అలంకారమే, గమనించారా!

మేయం, మానం

ఉపమలో నాలుగు భాగాలు ఉంటాయని అందరికీ తెలుసు. ఉపమేయం ఏదో, ఉపమానం ఏదో మాత్రం పరీక్ష హాల్లో తారుమారవుతుంది. దీనికి నాకు పనికొచ్చిన చిట్కా 'కొలమానం' అన్న మాట. మానం అంటే కొలిచేది, మేయం అంటే కొలవబడేది. గొంతును కొలుస్తున్నాం, కాబట్టి గొంతు ఉపమేయం. ఉరుముతో కొలుస్తున్నాం, కాబట్టి ఉరుము ఉపమానం. గంభీరంగా ఉండటం సమానధర్మం. 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏ ఒక్కటి తగ్గినా లుప్తోపమ. ఇందులో మీమాంస ఏమీ లేదు, లెక్కపెట్టుకోవడమే.

'లా' కనిపించిన ప్రతిచోటా ఉపమ ఉంటుందనుకోవడం అసలు గొయ్యి. "నేను చెప్పినట్టు చెయ్యి", "ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చాడు" లాంటి వాక్యాల్లో అలంకారం లేదు. "గవయం ఆవులా ఉంటుంది" అన్న వాక్యాన్ని లాక్షణికులు, అంటే అలంకారశాస్త్రం రాసిన పెద్దలు, పదే పదే చెబుతారు. గవయం అడవి జంతువు, నిజంగానే ఆవును పోలి ఉంటుంది. అది సమాచారం. పోలిక విన్నాక లోపల చిన్న మెరుపు మెరవాలి. చమత్కారం అనేది దాన్నే. అది లేకుండా 'లా' ఒక్కటే ఉంటే ఉపమాలంకారం కాదు.

రెండో గొయ్యి 'అన్నట్టు'. "ఆ ఏనుగు నడిచే కొండా అన్నట్టుంది" అంటే 'అట్టు' చూసి ఉపమ అని రాసేస్తారు. కొండలు నడవవు. లోకంలో లేనిదాన్ని ఊహించి ఏనుగు మీద పెట్టాం. కాబట్టి ఉత్ప్రేక్ష. నేను పోగొట్టుకున్న మార్కులు ఇలాంటి వాక్యం దగ్గరివే, మీకు చెప్పడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

మాట మార్చి చూడండి

శబ్దాలంకారమో అర్థాలంకారమో తేలకపోతే, వాక్యంలో ఒక మాట తీసి అదే అర్థం ఉన్న ఇంకో మాట పెట్టండి. అందం నిలబడితే అర్థాలంకారం, కూలిపోతే శబ్దాలంకారం. ఇది నా సొంత కనిపెట్టడం కాదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో వాడిన కొలబద్ద ఇదే. ప్రూఫులు దిద్దేవాళ్ళకి ఇది అనుభవం మీద తెలుస్తుంది. ఒకసారి ఒక కవితలో 'చాటున' అన్న మాటను 'వెనక' అని దిద్దాను. కవిగారు ఫోన్ చేసి మరీ తిట్టారు. వాక్యం ఇలాంటిది: "చిట్టి చేతులు చెట్టు చాటున చప్పట్లు చరిచాయి." అర్థం చెడలేదు, అనుప్రాస చెడింది. తప్పు నాదే.

ఒకే హల్లు ఇలా పదే పదే వస్తే వృత్త్యనుప్రాస. హల్లుల జంట వెంటవెంటనే అర్థభేదంతో వస్తే ఛేకానుప్రాస, 'వంద వందనాలు'లో లాగా. అదే మాట అదే అర్థంతో మళ్ళీ వచ్చి, రెండోసారి బరువు మారితే లాటానుప్రాస: "అడిగినప్పుడు నిజం చెప్పే నోరే నోరు." మొదటి నోరు అవయవం, రెండో నోరు 'నోరనిపించుకునే నోరు'. నిఘంటువులో అర్థం మారలేదు, తాత్పర్యం మారింది. పాదాల చివర ఒకే అక్షరాలు పలికితే అంత్యప్రాస, దీనికి పాఠం అక్కర్లేదు, చెవి చాలు.

యమకం, శ్లేష దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే రెంటిలోనూ రెండు అర్థాలుంటాయి. "రాత నేర్చినవాడి రాత మారింది." మాట రెండుసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ ఒక్కో అర్థం. మొదటిది అక్షరం, రెండోది నుదుటి రాత. ఇది యమకం. శ్లేషలో మాట ఒక్కసారే వస్తుంది, అర్థాలు రెండూ ఒకేసారి వస్తాయి. "లోకంలో కరాలు చాచని రాజు ఉన్నాడా?" రాజు అంటే పాలకుడు, చంద్రుడు కూడా. కరం అంటే చెయ్యి, పన్ను, కిరణం. ఏ దారిన వెళ్ళినా వాక్యం నడుస్తుంది. 'రాజు' తీసి 'చక్రవర్తి' పెట్టండి, చంద్రుడు మాయమైపోతాడు.

సామెతల పక్కనుండేవి

అర్థాంతరన్యాసం పేరు చూసి పిల్లలు టెన్షన్ పడతారు గానీ ఇది అన్నిటికన్నా తేలిక. రెండు వాక్యాలుంటాయి. ఒకటి ఫలానా మనిషికి జరిగిన ఫలానా సంగతి, ఇంకోటి లోకానికంతా వర్తించే మాట. "కొన్న రెండో రోజే అన్నయ్య ఫోన్ నీళ్ళలో పడేశాడు. తొందరపాటు చేతిలో ఏదీ నిలవదు కదా." రెండో వాక్యాన్ని విడదీసి గోడ మీద రాసుకోగలిగితే అది అర్థాంతరన్యాసం. దృష్టాంతం అలా కాదు. అందులో రెండూ విడివిడి సంగతులు, ఒకదానికొకటి అద్దం పట్టినట్టుంటాయి, మధ్యలో 'లా' ఉండదు: "చీకటి గదికి ఒక్క దీపం చాలు, తరగతికి ప్రశ్న అడిగే పిల్ల ఒక్కతి చాలు."

"ఆడలేక మద్దెల ఓడు" అన్నప్పుడు మనం నిజంగా మద్దెల గురించి మాట్లాడటం లేదు కదా. చెప్పేది ఒకదాని గురించి, తగిలేది ఇంకొకరికి. దీన్ని అన్యాపదేశం అంటారు. అప్రస్తుతప్రశంస కూడా ఇదే కుటుంబం.

నాకు ఇష్టమైనది వ్యాజస్తుతి. పొగిడినట్టు తిట్టడం, లేదా తిట్టినట్టు పొగడటం. "ఎంత దయగలవాడో! తీసుకున్న అప్పు తిరిగిచ్చి నన్ను ఇబ్బంది పెట్టలేదు." ఇందులో ఒక్క చెడ్డమాట లేదు. పేచీ పెట్టుకోవడానికి కూడా వీలుండదు.

ఇక స్వభావోక్తి. "పిల్లి నిద్రలేచి, ముందుకాళ్ళు చాచి, వెన్ను పైకెత్తి, ఒళ్ళంతా సాగదీసి, ఒక్కసారి ఆవలించి, మళ్ళీ అక్కడే చుట్టుకు పడుకుంది." నా ప్రశ్న ఇక్కడ పనిచేయదు. అబద్ధం ఎక్కడా లేదు, పోలికా లేదు. మరి అలంకారం ఎలా అయింది? దీని మీద పెద్దవాళ్ళే కొట్టుకున్నారు. దండి కావ్యాదర్శంలో అర్థాలంకారాల్లో దీన్నే మొట్టమొదట పెట్టాడు. కుంతకుడు వక్రోక్తిజీవితంలో ఇది అలంకారమే కాదన్నాడు. ఉన్న వస్తువును ఉన్నట్టు చెబితే, ఇక అలంకరించింది ఎవర్ని, అలంకారం ఏది అని ఆయన వాదన. నేను దండి పక్షం. పిల్లి ఆవలించే ముందు వెన్ను పైకెత్తుతుందని గమనించడానికి కన్ను ఉండాలి. పరీక్షలో మాత్రం వాదన పెట్టుకోకండి, స్వభావోక్తి అని రాసేయండి.

చెప్పని మాట వినడం

అభిధ, లక్షణ, వ్యంజన అని మాటకు మూడు శక్తులు. "గంట తొమ్మిదైంది" అనే వాక్యం తీసుకోండి. సమయం తొమ్మిది అని తెలిస్తే అది అభిధ, ఉన్న అర్థం. "స్టేడియం లేచి చప్పట్లు కొట్టింది" అంటే సిమెంటు లేవదు కాబట్టి అందులోని జనం అని సర్దుకుంటాం, అది లక్షణ. ఉన్న అర్థం కుదరనప్పుడు పక్క అర్థానికి జరగడం. కుదిరినప్పుడు కూడా దాని వెనక ఇంకోటి వినపడితే అది వ్యంజన. అదే "తొమ్మిదైంది" అన్నమాట ఎంతకీ లేవని చుట్టంతో అంటే "ఇక బయల్దేరండి" అని, ఫోన్ చూస్తున్న పిల్లాడితో అంటే "పడుకో" అని, ఇంకా రాని మనిషి కోసం ఎదురుచూస్తూ అంటే భయం. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాసి, ఈ వినపడే అర్థమే, ధ్వనే, కావ్యానికి ఆత్మ అన్నాడు.

ఇక్కడొక మాటను జాగ్రత్తగా చూసుకోవాలి. పాత గ్రంథాల్లో 'వ్యంగ్యం' అంటే ఇలా ధ్వనించే అర్థం. ఈ రోజుల్లో వ్యంగ్యం అంటే ఎత్తిపొడుపు. విమర్శ వ్యాసం చదివేటప్పుడు రచయిత ఏ అర్థంలో వాడాడో ముందు తేల్చుకోకపోతే, కరుణ రసం నిండిన పద్యంలో ఎగతాళి ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చుంటారు. నాకు ఆ అనుభవం ఉంది.

రసం అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్పేస్తాను. "ఈ పద్యంలో శోక రసం ఉంది" అన్న వాక్యాన్ని నేను ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. శోకం రసం కాదు, స్థాయీభావం, అంటే మనసులో నిలిచి ఉండే భావం. అది పాత్రకు కలిగేది. చదివే మనకు అందేది కరుణ రసం. అలాగే క్రోధం భావం, రౌద్రం రసం. జుగుప్స భావం, బీభత్సం రసం. ఉత్సాహం భావం, వీరం రసం. భరతుడు చెప్పినవి 8, తర్వాతి వాళ్ళు శాంతం చేర్చాక 9 అయ్యాయి. కరుణ అంటే ఇక్కడ జాలి అని కూడా అనుకోవద్దు, అది దుఃఖం. ఇక 'బీభత్సంగా ఆడాడు' అని క్రికెట్ గురించి అనే బీభత్సాన్ని పరీక్ష పేపర్లోకి తేవద్దు.

కథలు చదివేటప్పుడు

ఇక్కడ చిక్కంతా పదాల్లోనే ఉంది. ఈ రోజు విమర్శలో వస్తువు అంటే కథ దేని గురించి అనేది, ఇతివృత్తం అంటే ఏమేం జరిగింది అనేది. "ముసలితనపు ఒంటరితనం" వస్తువు. "తాతగారు రోజూ తప్పు నంబరుకి ఫోన్ చేసి మాట్లాడటం, ఒకరోజు అవతలివాళ్ళు ఎత్తకపోవడం" ఇతివృత్తం. కానీ నాటకశాస్త్రంలో, ధనంజయుడి దశరూపకం లాంటి చోట్ల, వస్తువు అంటే ఇతివృత్తమే. ఏ పుస్తకం చదువుతున్నారో చూసుకోండి.

ఇంకో పెద్ద తప్పు 'ప్రథమ పురుష'. ఇంగ్లీషు వ్యాకరణంలో 'నేను' మొదటి పురుష అని చదివి, దాన్ని తెలుగులోకి దించి, "కథ ప్రథమ పురుషలో సాగింది" అని రాసేస్తారు. తెలుగు వ్యాకరణంలో నేను, మేము ఉత్తమ పురుష. వాడు, ఆమె, అది ప్రథమ పురుష. సరిగ్గా తిరగబడుతుంది. పేరున్న వ్యాసాల్లోనే ఇది దిద్దాను.

దృక్కోణం కనుక్కోవాలంటే "ఎవరు చెబుతున్నారు" అని కాదు, "ఎవరి కళ్ళతో చూస్తున్నాం" అని అడగండి. కథ 'ఆమె' అంటూనే సాగుతున్నా, ఆమెకు తెలియనిది మనకూ తెలియకపోతే, అది ఆమె దృక్కోణం.

ప్రతీకకూ రూపకానికీ తేడా ఒక గడియారంతో తేలుతుంది. "వాడి బతుకు ఆగిపోయిన గడియారం" అంటే రూపకం, ఆ ఇంట్లో గడియారం ఉండక్కర్లేదు. కథలో గోడ మీద నిజంగానే ఆగిపోయిన గడియారం ఉండి, ఎవరూ దాన్ని బాగుచేయించకుండా, మూడు చోట్ల మన కంటపడితే, అది ప్రతీక. అలాగని కనపడిన ప్రతి గడియారాన్నీ అనుమానించకండి. కొన్ని టైము చూసుకోవడానికే ఉంటాయి.

మొదలుపెట్టాలనుకుంటే ఒక పెన్సిల్ తీసుకుని ఏదైనా ఒక్క పేజీ ముందు పెట్టుకోండి. చదువుతూ ఎక్కడ కాస్త ఆగాలనిపించిందో అక్కడ గీత పెట్టండి. పేరు రాయొద్దు. పేజీ అయ్యాక వెనక్కి వచ్చి, గీత పెట్టిన వాక్యంలో మాట మార్చి చూడండి, పోలిక తీసేసి చూడండి, ఏం పోయిందో మార్జిన్‌లో మీ మాటల్లో రాయండి. "రెండో అర్థం పోయింది", "చప్పుడు పోయింది", "భయం పోయింది". పుస్తకం తెరిచి పేరు వెతుక్కోవడం ఆ తర్వాత. వారం రోజులు రోజుకో పేజీ చేస్తే చాలు.

ఇవన్నీ నేను మేనకోడలికి ఆ రాత్రే ఫోన్‌లో చెప్పాను, ప్రతీక, గడియారం సహా. అవతల చాలాసేపట్నుంచి ఊఁ కొట్టడం తగ్గింది. నేను విభావం, అనుభావం అని మొదలుపెట్టబోతుంటే, ఎంతో మర్యాదగా అంది:

"అత్తా, పదకొండున్నరైంది."

ఫోన్ పెట్టేశాను.